47 రోజులు నా బల్ల మీద ఉన్న అర్జీ

ఒంగోలులో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే అమ్మాయి ఈ ఏడాది పీజీలో చేరి హాస్టల్లో ఉంటోంది. పోయిన ఆదివారం ఊరికి వచ్చినప్పుడు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. స్నానాల గదుల తలుపులకు గడియలు లేవనీ, మూడో అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదనీ, వార్డెన్ గారికి రెండుసార్లు చెప్పినా ఫలితం లేకపోయిందనీ, ఈసారి ఏకంగా వైస్ ఛాన్సలర్ గారికే రాయాలని పిల్లలంతా అనుకున్నారనీ చెప్పి, "మీరు యూనివర్సిటీ ఆఫీసులోనే చేశారు కదా తాతయ్యా, ఇది సరిగా ఉందో లేదో చూసిపెట్టండి" అని అడిగింది. నేను చదువుతుండగానే, "అయినా రాసిచ్చి ఏం లాభంలే, చూస్తామంటారు, అంతే" అని తనే అంది.

ఆ "చూస్తాం" అనే మాట ఎక్కడ పుడుతుందో, కాగితం ఏ బల్ల దగ్గర ఆగిపోతుందో, ఎవరు ఏం చేస్తే మళ్లీ కదులుతుందో ఆ పిల్లకు తెలిసే వీలు లేదు. నాకు తెలుసు. జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజు నుంచి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేదాకా నేను విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలోనే పనిచేశాను. అది ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ చెప్పదలచుకోలేదు, ఎందుకంటే నేను రాయబోయేది ఫైళ్లు నడిచే ప్రతి చోటా జరిగేదే. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా రాస్తాను.

ఏడెనిమిదేళ్ల కిందట ఒక జూలై నెలలో మహిళా హాస్టల్ నుంచి ఒక అర్జీ వచ్చింది. ప్రాక్టికల్ రికార్డులోంచి జాగ్రత్తగా విప్పిన రెండు కాగితాలవి. రికార్డు కాగితానికి ఒక వైపు గీతలు, రెండో వైపు బొమ్మల కోసం తెలుపు ఉంటాయి కదా. గీతలున్న వైపు 11 అంశాలు వరసగా రాసి, తెల్లగా ఉన్న వైపు 60 మందికి పైగా సంతకాలు చేశారు. ప్రతి సంతకం పక్కన గది నంబరు వేశారు. తాగే నీళ్లు ఉప్పగా ఉంటున్నాయన్నది మొదటి అంశం. తర్వాత మెస్ బిల్లు, మరుగుదొడ్లు, స్నానాల గదులు, గ్రంథాలయం వేళలు, సాయంత్రం బస్సు, ఆరోగ్య కేంద్రంలో మహిళా డాక్టరు, వైఫై, రహదారి మీద బస్సు దిగిన చోటు నుంచి గేటు దాకా దీపాలు, ఇలా సాగింది. తపాలు గుమస్తా దాని మీద ఊదారంగు ముద్ర వేసి, వచ్చిన ప్రతి కాగితానికీ ఇచ్చే వరస సంఖ్య అయిన ఇన్‌వర్డ్ నంబరూ తేదీ వేసి రిజిస్ట్రార్ గారి పేషీకి పంపాడు. అక్కడ మార్జిన్‌లో "పరిశీలించి ఫైలు పెట్టండి" అని రాసి మా సెక్షనుకు పంపారు. మా సెక్షనుకు వచ్చిన రోజు నుంచి 47 రోజులు అది నా బల్ల మీదే ఉంది.

ఎందుకు ఉందో చెబుతాను. అర్జీలోని 11 అంశాలు ఆరు విభాగాలకు సంబంధించినవి. నీళ్లు, దీపాలు, స్నానాల గదులు ఇంజినీరింగ్ విభాగానికి, మెస్ బిల్లు చీఫ్ వార్డెన్ కార్యాలయానికి, గ్రంథాలయం లైబ్రేరియన్‌కు, డబ్బుతో ముడిపడినదంతా ఫైనాన్స్ ఆఫీసరుకు పోవాలి. అసలు కాగితం ఒక్కటే. దాన్ని ఎవరికి పంపినా మిగిలిన ఐదుగురు "మాకు రాలేదు" అంటారు. ఆరు నకళ్లు తీసి ఆరు చోట్లకు పంపి, గడువు పెట్టి, జవాబులు తెప్పించి ఒక నోటుగా కలపవలసిన పని నాది. అప్పుడు అడ్మిషన్ల రద్దీ ఉంది. రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపు 47 సార్లు వచ్చింది. విద్యార్థుల మీద నాకు కోపం గానీ నిర్లక్ష్యం గానీ లేవు. కానీ హాస్టల్లో ఉప్పునీళ్లు తాగుతున్నవాళ్లకు నా మనసులో ఏముందో దానితో పనేముంది?

ఆ నీళ్ల సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే సౌకర్యాల ఫిర్యాదుల్లో సగం ఇలాగే ఉంటాయి. హాస్టల్లో ఒక ఆర్వో ప్లాంటు ఉంది. బోరు నీళ్లు ముందు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు దాటి, తర్వాత మోటారు ఒత్తిడితో ఒక సన్నటి పొరలోంచి వస్తాయి. లవణాలను ఆపేది ఆ మెంబ్రేన్ పొరే. మన ప్రాంతపు బోరు నీళ్లకు అది త్వరగా పాచిపట్టి, గట్టిపడి, చివరికి ఉప్పును ఆపలేని స్థితికి వస్తుంది. రెండు మూడేళ్లకొకసారి మార్చకపోతే ప్లాంటు నడుస్తూనే ఉంటుంది, మోటారు మోగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం బోరు నీళ్లకు దగ్గరగా వస్తాయి. మా ప్లాంటు ఒక బ్యాంకు విరాళంగా ఇచ్చింది. రిబ్బను కత్తిరించారు, గోడకు శిలాఫలకం పెట్టారు. కానీ విశ్వవిద్యాలయం డబ్బుతో కొనలేదు కాబట్టి బిల్లు లేదు. బిల్లు లేదు కాబట్టి స్టాకు రిజిస్టరులో ఎక్కలేదు. రిజిస్టరులో లేని వస్తువుకు వార్షిక నిర్వహణ ఒప్పందం ఎవరూ కుదుర్చుకోలేదు. మెంబ్రేన్ మార్చాలని హాస్టల్ కార్యాలయం ఇంజినీరింగ్ వారిని అడిగితే, అది తమ లెక్కల్లో లేదన్నారు. ఫైనాన్స్ వారిని అడిగితే ఏ పద్దు కింద ఖర్చు రాయాలని తిరిగి అడిగారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ ప్లాంటు ఎవరిదీ కాదు, అంతే.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన ఐఎస్ 10500 ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 2,000 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడ్ అయితే 1 మిల్లీగ్రాము, ఎక్కువలో ఎక్కువ 1.5. ఉప్పు నాలుకకు తెలుస్తుంది, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ తెలియదు. నీళ్లు కాచినా అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి మన పడమటి ప్రాంతం పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అర్జీలో మొదటి సంతకం కనిగిరి వైపు ఊరి నుంచి వచ్చిన అమ్మాయిది. "మా నాయనమ్మ నడుము వంగిపోయి నాలుగడుగులు వేయలేదు సార్, నీళ్లు మనిషిని ఏం చేస్తాయో చూసి వచ్చినవాళ్లం" అని ఆ అమ్మాయి తర్వాత నాతో అన్నప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

47వ రోజు ఉదయం పిల్లలు ఖాళీ నీళ్ల క్యాన్లు తెచ్చి పరిపాలనా భవనం మెట్ల మీద పెట్టి కూర్చున్నారు. నినాదాలు పెద్దగా లేవు. రిజిస్ట్రార్ గారు కిందికి వచ్చి, రెండు రోజుల్లో చూస్తామని, క్లాసులకు వెళ్లమని చెప్పారు. అప్పుడు ఆ కనిగిరి అమ్మాయి లేచి, తమ దగ్గర ఉన్న నకలు చూపించి, "ఇది మా ఇన్‌వర్డ్ నంబరు సార్. దీనికి మీరు ఇచ్చిన జవాబు ఏమిటో చెబితే వెళ్లిపోతాం" అంది. జవాబు లేదు, ఉంటే కదా చెప్పడానికి. వైస్ ఛాన్సలర్ గారు బాధ్యతలు తీసుకొని అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన పైనుంచి ఫోను చేసి ఆ కాగితం తెమ్మన్నారు. నా బల్ల మీద మూడు ఫైళ్ల కిందినుంచి తీసి పట్టుకెళ్లాను.

ఆయన నన్ను తిట్టలేదు. రెండు వైపులా చదివి, సంతకాల పక్కన ఉన్న గది నంబర్లు చూసి, "ఇందులో మన చేతిలో ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని?" అని అడిగారు. ఆ ప్రశ్న నేను మొదటి రోజే వేసుకోవలసింది. ఆరు విభాగాల వాళ్లనూ పిలిపించి సాయంత్రం ఆరు గంటలకు హాస్టల్ భోజనశాలకు రమ్మన్నారు. తన గదిలో సమావేశం పెడితే పిల్లల్లో ముగ్గురో నలుగురో వచ్చి కుర్చీల అంచున కూర్చుంటారు. అక్కడైతే సంతకం పెట్టిన వాళ్లంతా ఉంటారు. ఆ రాత్రి ఆయన అక్కడి నీళ్లే తాగారు, అక్కడే భోజనం చేశారు. గ్లాసు పట్టుకున్న ఫొటో మరుసటి రోజు జిల్లా ఎడిషన్‌లో వచ్చింది. ఆ ఫొటో వల్ల జరిగిందేమీ లేదని నా అభిప్రాయం. అధికారులు హాస్టల్లో భోంచేసిన ఫొటోలు నా సర్వీసులో చాలా చూశాను. ఆ ఒక్క రాత్రి కూర బాగుంటుంది, మరునాటి నుంచి మామూలే. తేడా చేసింది ఆ తర్వాత రాసిన కాగితం.

సమావేశం అయ్యాక జవాబు ముసాయిదా నన్నే రాయమన్నారు. నాకు చేతనైన కార్యాలయ భాషలో రాసి పట్టుకెళ్లాను. ఆయన ఆకుపచ్చ సిరా పెన్ను తీసి చదవడం మొదలుపెట్టారు. "త్వరలో" అని నేను నాలుగు చోట్ల రాశాను. నాలుగింటినీ కొట్టేసి పక్కన తేదీ వేయడానికి ఖాళీ గీత గీశారు. "తగు చర్యలు తీసుకొనబడును" అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టేసి, "ఎవరు తీసుకుంటారు?" అని మార్జిన్‌లో రాశారు. "పరిశీలనలో ఉన్నది" అన్నచోట పెన్ను కాసేపు ఆపి, "పరిశీలించడానికి మనకు 47 రోజులు ఇచ్చారు కదండీ" అన్నారు. ఆ మాట గట్టిగా అనలేదు. అయినా నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది.

చివరికి తయారైనది ఒక పెద్ద కాగితం. నాలుగు గడులు: ఏ విషయం, ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా. తెలుగులో రాసి, కింద వైస్ ఛాన్సలర్ గారి సంతకంతో, మరునాడు పది గంటలకల్లా హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించాం. తాగునీటి అంశం ఎదురుగా, మెంబ్రేన్ మార్చేదాకా ఆ సాయంత్రం నుంచే విశ్వవిద్యాలయం ఖర్చుతో క్యాన్లు వస్తాయని, ఫలానా ఇంజినీరు తొమ్మిది రోజుల్లో మెంబ్రేన్ మార్పిస్తారని, మార్చిన తర్వాత నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఫలితం ఇదే బోర్డు మీద పెడతారని ఉంది. ప్లాంటును స్టాకు రిజిస్టరులో ఎక్కించే పని నాకు అప్పగించారు, ఆ గడిలో నా హోదా రాశారు. పిల్లలు దాన్ని చదివి, నా వైపు చూసి, "ఇది మీరేనా సార్?" అని అడిగారు. ఆ రోజే ఎక్కించాను. ఆర్వో ప్లాంటు, విరాళం, విలువ, అందిన తేదీ అంటూ ఒక్క పంక్తి రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పంక్తి లేకనే అన్నాళ్లు పిల్లలు క్యాన్లు కొనుక్కున్నారు.

మెస్ బిల్లు సంగతి అంత సులువుగా తేలలేదు. మన హాస్టళ్లలో చాలాచోట్ల ఉన్నది డివైడింగ్ పద్ధతి. నెలలో బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి, ఆ నెల పిల్లలంతా తిన్న మొత్తం రోజుల సంఖ్యతో భాగిస్తే రోజుకు ఒకరికి ఎంత పడిందో తేలుతుంది; దాన్ని ఎవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ సంఖ్యతో హెచ్చిస్తే వారి బిల్లు. లెక్క న్యాయమైనదే. అయితే సంక్రాంతికి సగం మంది ఇళ్లకు వెళ్లిన నెలలో బియ్యం ఖర్చు తగ్గుతుంది గానీ జీతాలు తగ్గవు కాబట్టి, ఉన్నవాళ్ల మీద భారం పెరుగుతుంది. హాజరు పుస్తకంలో పేరు లేనివాళ్లు నలుగురు రోజూ తింటే ఆ నాలుగు పళ్లాల ఖర్చూ పిల్లల బిల్లుల్లోకే చేరుతుంది. "కూర పలచబడింది, బిల్లు చిక్కబడింది" అని అర్జీలో రాశారు. చీఫ్ వార్డెన్ గారికి ఆ వాక్యం మీద చాలా కోపం వచ్చింది. దొంగతనం అంటగట్టారని ఆయన బాధ.

నిర్ణయం ఏమిటంటే, స్టోరు గదిలోంచి రోజూ ఏ సరుకు ఎన్ని కిలోలు వంటకు ఇచ్చారో వంటగది బయట నల్లబల్ల మీద రాయాలి. వారానికి ఇద్దరు చొప్పున పిల్లలే వంతుల ప్రకారం చూసి సంతకం చేయాలి. బయటివాళ్లు ఎవరు తిన్నా డబ్బు కట్టి టోకెను తీసుకోవాలి. బిల్లు పెద్దగా తగ్గలేదు. కందిపప్పు ధర మనం తగ్గించలేం కదా. కానీ రెండో నెల నుంచి ఎవరైనా బిల్లు ఎక్కువైందంటే, ఆ వారం నల్లబల్ల మీద సంతకం పెట్టిన పిల్లలే లెక్క చెప్పడం మొదలుపెట్టారు. దీనితోపాటు ఇంకో మాట కూడా ఆ కాగితంలో ఉంది. నా దృష్టిలో 11 అంశాల్లో అన్నిటికన్నా విలువైనది అదే. స్కాలర్‌షిప్ డబ్బు ప్రభుత్వం నుంచి ఇంకా రానివాళ్లకు మెస్ బకాయి ఉందన్న కారణంతో హాల్ టికెట్ ఆపకూడదని ఉత్తర్వు ఇచ్చారు. అంతకు ముందు పరీక్షల ముందు వారం మా కిటికీ దగ్గర తండ్రులు తువ్వాలు భుజాన వేసుకొని నిలబడేవారు. ఉదయగిరి నుంచో పామూరు నుంచో రాత్రి బస్సెక్కి వచ్చి, అప్పు తెచ్చిన డబ్బు లెక్కపెట్టి కట్టి, రసీదు పట్టుకొని తిరుగు బస్సెక్కేవారు. అలాంటివాళ్లు ఆ ఏడాది నాకు కనిపించలేదు.

అడిగినవన్నీ ఒప్పుకోలేదు. గ్రంథాలయం రాత్రంతా తెరిచి ఉంచాలన్నది కుదరదని తేల్చి రాశారు. ఉన్న సిబ్బంది ఎందరు, రాత్రి కాపలాకు ఎంతమంది కావాలి, ఆ పోస్టులు మంజూరు కావాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నది నాలుగు వాక్యాల్లో వివరించి, పది గంటల దాకా మాత్రం తెరుస్తామన్నారు. నాకు భయం వేసింది, మళ్లీ మెట్ల మీద కూర్చుంటారేమోనని. కూర్చోలేదు. గొణుక్కున్నారు, వాదించారు, పరీక్షల నెలలో పదకొండు దాకా అడిగి తెచ్చుకున్నారు. మహిళా డాక్టరు పోస్టు మన చేతిలో లేదని రాసి, వారానికి రెండు రోజులు బయటి నుంచి ఒక డాక్టరు గారు వచ్చే ఏర్పాటు చేశారు. సాయంత్రం బస్సు కోసం ఆర్టీసీ డిపో మేనేజరు గారికి ఉత్తరం రాసి, ఆ ఉత్తరం నకలు కూడా బోర్డు మీద పెట్టారు. "లేదు" అనే మాటకు కారణం జోడించి రాసిస్తే పిల్లలు దాన్ని తట్టుకోగలరని నేను అప్పుడే తెలుసుకున్నాను. అంతకు ముందు మేమంతా "లేదు" అనడానికి భయపడి "చూస్తాం" అనేవాళ్లం.

స్నానాల గదుల తేదీ మాత్రం తప్పింది. మొదటిసారి టెండరు పిలిస్తే ఎవరూ వేయలేదు. రెండోసారి ఒకరే వేశారు, నిబంధనల ప్రకారం మళ్లీ పిలవవలసి వచ్చింది. ఇంతలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాయి. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పైకప్పు పని పెట్టుకోవడం కష్టమని ఇక్కడివాళ్లందరికీ తెలుసు. తేదీ మూడుసార్లు మారింది. ప్రతిసారీ పాత తేదీ కనిపించేలా ఒక్క గీత కొట్టి, కొత్త తేదీ వేసి, ఎందుకు మారిందో కింద రాయమన్నారు. కాగితం మార్చి కొత్తది అంటిస్తే బాగుంటుందని ఇంజినీరు గారు అంటే, "గీత కనిపించాలి" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. ఆ పని సంక్రాంతి దాటాక గానీ పూర్తి కాలేదు. పిల్లలకు కోపం వచ్చిన మాట నిజం. అయితే వాళ్లు నేరుగా ఇంజినీరు గారి గదికే వెళ్లి అడిగారు, ఎందుకంటే ఎవరిని అడగాలో మూడో గడిలో రాసి ఉంది.

ఇప్పుడు చట్టం కూడా పిల్లల పక్షాన చాలా చెబుతోంది. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2012లో, మళ్లీ 2019లో నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నవి 2023 ఏప్రిల్‌లో వచ్చినవి. వాటి ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఒక ప్రొఫెసరు అధ్యక్షులుగా, నలుగురు ప్రొఫెసర్లు లేదా సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా, ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితులుగా ఉంటారు. అధ్యక్షులు, సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గం వారై ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో నివేదిక ఇవ్వడం మంచిదని, దాని నకలు విద్యార్థికీ ఇవ్వాలని ఉంది. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా, అప్పీళ్లు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఇస్తామన్న లేదా ఇవ్వవలసిన సౌకర్యాలు ఇవ్వకపోవడం కూడా ఫిర్యాదు కిందికే వస్తుందని ఆ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నీళ్లు, గడియలు, దీపాలు చిన్న విషయాలని ఎవరైనా అంటే ఈ మాట చూపించవచ్చు.

ఈ ఏర్పాటులో నాకు కనిపించే లోపం ఒకటుంది. కమిటీలో సభ్యులందరూ అధ్యాపకులే. మార్కుల విషయమో, వివక్ష విషయమో అయితే వాళ్లే తగినవాళ్లు. కుళాయి కారుతోందన్న ఫిర్యాదు మీద ఐదుగురు ప్రొఫెసర్లు కూర్చుంటే, పానా పట్టుకునే మనిషీ, దానికి డబ్బు మంజూరు చేసే మనిషీ ఆ గదిలో లేరు. వాళ్ల సిఫార్సు మళ్లీ ఫైలై, నాలాంటి సూపరింటెండెంటు బల్ల మీదికే వస్తుంది. సౌకర్యాల ఫిర్యాదు వచ్చిన రోజున ఇంజినీరునూ ఫైనాన్స్ ఆఫీసరునూ పక్కన కూర్చోబెట్టుకోవద్దని ఏ నిబంధనా చెప్పదు. మా వైస్ ఛాన్సలర్ గారు ఆ రోజు భోజనశాలలో చేసింది సరిగ్గా అదే.

మన నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లలకు విశ్వవిద్యాలయ కార్యాలయం ఈమధ్యే దగ్గరికి వచ్చింది కాబట్టి కూడా దీన్ని గట్టిగా చెబుతున్నాను. నేను డిగ్రీ చదివే రోజుల్లో నెల్లూరు జిల్లా వాళ్లకు ఏ సర్టిఫికెట్ పని ఉన్నా 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కోసం తిరుపతి వెళ్లేవారు. ఒంగోలు వాళ్లు 1976లో వచ్చిన నాగార్జున విశ్వవిద్యాలయానికి గుంటూరు దారి పట్టేవారు. ఒక్క ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం రెండు రోజులు, రెండు బస్సులు, ఒక సత్రం. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి, 2022లో ఒంగోలుకు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు వచ్చాయి. కార్యాలయం బస్సు దూరంలోకి వచ్చింది. నోటీసు బోర్డు మీద పెట్టిన తేదీని పిల్లలతోపాటు వాళ్ల అమ్మానాన్నలు కూడా వచ్చి చదువుకోగల దూరమది. ఈ వీలును ఎక్కడి యాజమాన్యమైనా వాడుకోవాలని నా కోరిక.

మా వీధి అమ్మాయి తెచ్చిన కాగితం దగ్గరికి వస్తాను. "హాస్టల్లో కనీస సౌకర్యాలు లేక విద్యార్థినులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అని మొదలైంది. అది చదివిన అధికారి ఏం చేయాలో అందులో లేదు. ఏ అంతస్తు, ఎన్ని గదులు, ఎన్నిటికి గడియల్లేవు అని అడిగితే, మూడో అంతస్తు తూర్పు వైపు ఆరింటిలో నాలుగింటికి లేవని వెంటనే చెప్పింది. అదే రాయమన్నాను. నీళ్లు ఎక్కకపోవడం వేరే కాగితం మీద, ఏ వేళల్లో ఎక్కడం లేదో వారం రోజులు గడియారం చూసి రాసుకొని, ఆ వేళలతో సహా రాయమన్నాను. రెండూ రెండు విభాగాలవి. ఒకే కాగితం మీద రాస్తే ఏమవుతుందో నాకన్నా ఎవరికి తెలుసు? వార్డెన్ గారికి చెప్పిన రెండు తేదీలూ వేయించాను, ఆమె మీద ఆరోపణలా ఉన్న వాక్యం తీయించాను, ఎందుకంటే ఆమె పైకి రాసిందో లేదో ఈ పిల్లలకు తెలియదు. చేతికిచ్చి వచ్చేయకుండా తపాలు కిటికీలో ఇచ్చి, తమ నకలు మీద కూడా ముద్ర వేయించుకొని, ఇన్‌వర్డ్ నంబరు రాయించుకొని రమ్మన్నాను. అప్పటికీ జవాబు రాకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ఫలానా నంబరు అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం చర్య తీసుకున్నారో తెలపమని అడగవచ్చని, 30 రోజుల్లో చెప్పి తీరాలని కూడా చెప్పాను.

"ఇంత చేయాలా తాతయ్యా, గడియల కోసం?" అంది. చేయాలమ్మా అన్నాను. తలుపు వేసుకోవడానికి గడియ లేక, స్నేహితురాలిని బయట కాపలా పెట్టుకొని స్నానం చేయవలసి రావడం ఏ ఆడపిల్లకైనా చిన్న విషయం కాదు. ఆ మాట అర్జీలో రాయడానికి వాళ్లకు సిగ్గు అనిపించి "ఇబ్బందులు" అని రాశారని నాకు అర్థమైంది. రాయమని ఒత్తిడి చేయలేదు. గదుల సంఖ్య ఉంటే చాలు, చదివే మనిషికి బుద్ధి ఉంటే మిగతాది తెలుస్తుంది.

బుధవారం సాయంత్రం ఫోనుకు ఒక ఫొటో పంపింది. ముద్ర కొంచెం వంకరగా పడింది కానీ నంబరు స్పష్టంగా ఉంది. ఒక అర్జీ కాదు, రెండు; రెండు నంబర్లు. వంటింటి గోడ మీది క్యాలెండరు దింపి, ఆదివారాలూ రెండో శనివారమూ వదిలేసి 15 పని దినాలు లెక్కపెట్టి, ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. దాని పక్కన రెండు నంబర్లూ రాసుకున్నాను.